జావా లోతట్టు గ్రామంలో నివాసం, పెట్టుబడి: భూమిహక్కు – గ్రామబంధాల పరిశీలన

వ్యాససంగ్రహం: ఇండోనేషియాలోని జావా దీవి లోతట్టు గ్రామాల్లో బయటివారు స్థిరపడి పెట్టుబడి పెట్టదలచినప్పుడు ఎదురయ్యే భూమిహక్కు, పాలుసేద్యం, తనఖా, ఇచ్చిపుచ్చుకోళ్ళ వ్యవహారాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అక్కడ నివాసాన్నీ పెట్టుబడినీ విడదీసి చూడలేమని, చట్టమూ గ్రామాచారమూ వేర్వేరు దారుల్లో ఒకే షరతును విధిస్తున్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జావా, దెసా, హక్ మిలిక్, బినామీ, గాదుహాన్, అరిసాన్, గదై.

ఉపోద్ఘాతం

ఇండోనేషియాలో విదేశీ పెట్టుబడి అనగానే బాలి సముద్రతీరాలు, అక్కడి అద్దె విల్లాలు గుర్తుకు వస్తాయి. ఈ విషయమై వెలువడే రాతల్లో ఎక్కువభాగం ఆ తీరాల చుట్టూనే తిరుగుతుంది. కాని దేశ జనాభాలో సగానికి పైగా నివసించే జావా దీవిలో, సముద్రానికి దూరంగా ఉన్న కొండవాలు గ్రామం పరిస్థితి వేరు. మధ్య జావాలో సుంబింగ్, సిందోరో అగ్నిపర్వతాల వాలుల మీద ఉన్న తెమంగ్గుంగ్, వొనొసోబో జిల్లాల పల్లెలు ఇందుకు తగిన ఉదాహరణలు. అక్కడ దిగువన మాగాణి, ఎగువన మెట్ట, ఇంటింటి చుట్టూ పెరటితోట కనిపిస్తాయి. మాగాణిని సావాహ్ అని, మెట్టను తెగలాన్ అని, పెరటితోటను పెకరంగన్ అని అంటారు. మెట్టలో పొగాకు, కూరగాయలు, త్వరగా పెరిగే సెంగోన్ కలప చెట్లు పండిస్తారు. ఊరిని దెసా అంటారు. ఇది సంస్కృత ‘దేశ’ శబ్దం నుంచి వెళ్ళిన మాటే. తెలుగులో రాజ్యమంతటికీ విస్తరించిన పదం అక్కడ ఒక్క ఊరికి స్థిరపడింది.

భూమిపై హక్కు

1960 సెప్టెంబరు 24న అమలులోకి వచ్చిన మౌలిక భూచట్టం ఇండోనేషియా భూవ్యవస్థకు పునాది. దాని ప్రకారం హక్ మిలిక్ అనే సంపూర్ణ యాజమాన్యహక్కు ఆ దేశ పౌరులకే దక్కుతుంది. నిర్మాణహక్కు, సాగుహక్కు, వినియోగహక్కు వంటివి కాలపరిమితి గలవి. విదేశీయుడు అక్కడ నివసిస్తూ పొందగలిగేది ప్రధానంగా వినియోగహక్కు. 2021 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇది మొదట 30 ఏళ్ళు, పొడిగింపుతో మరో 20, పునరుద్ధరణతో ఇంకో 30 ఏళ్ళ వరకు ఉండవచ్చు.

ఈ నిషేధం స్వతంత్ర ఇండోనేషియా కొత్తగా కనిపెట్టినది కాదు. 1870 భూచట్టంతో ప్రైవేటు తోటల పెట్టుబడికి తలుపులు తెరిచిన డచ్చి ప్రభుత్వమే 1875లో స్థానికుల భూమిని స్థానికేతరులకు అమ్మరాదని శాసించింది. రైతు భూమి పూర్తిగా చేజారకుండా చూస్తూనే, అదే భూమిని చక్కెర మిల్లులకు కౌలుకు ఇప్పించడం ఆ పాలనకు అవసరమైంది. రక్షణ పేరుతో వచ్చిన నిబంధనలో పాలకుల లెక్క కూడా ఉన్నదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించిన 1970 నాటి 1/70 నిబంధన తెలిసిన పాఠకులకు ఈ తర్కం కొత్తగా తోచదు.

నిషేధం ఉన్నచోట పక్కదారి కూడా ఉంటుంది. స్థానికుడి పేర భూమి కొని, సొమ్ము మాత్రం బయటివాడు పెట్టే పద్ధతిని అక్కడ ‘పింజమ్ నామా’ అంటారు. అంటే పేరు అరువు తెచ్చుకోవడం. తెలుగువారి వ్యవహారంలో ఇది అచ్చమైన బినామీ. 1960 చట్టంలోని 26వ అధికరణం ఈ విషయంలో కఠినంగా ఉంది. నేరుగాగానీ పరోక్షంగాగానీ హక్ మిలిక్‌ను విదేశీయుడికి చేర్చే లావాదేవీ చెల్లదు. భూమి రాజ్యానికి చెందుతుంది, చెల్లించిన సొమ్ము తిరిగి రాదు. బినామీదారు మాట తప్పితే కోర్టుకు వెళ్ళే దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే అక్కడ చూపవలసిన ఒప్పందమే చట్టవిరుద్ధం. మిశ్రవివాహాల్లో చిక్కు మరో విధమైనది. విదేశీయుణ్ణి పెళ్ళాడిన ఇండోనేషియా స్త్రీ కొన్న భూమి ఉమ్మడి ఆస్తి కావడం వల్ల ఆమె హక్కుకే ఎసరు వచ్చేది. వివాహానంతరం కూడా ఆస్తివిభజన ఒప్పందం చేసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం 2016 అక్టోబరులో తీర్పు చెప్పాకగాని ఆ చిక్కు వీడలేదు.

కంపెనీ పెట్టి ప్రవేశించే మార్గం గ్రామస్థాయిలో ఆచరణసాధ్యం కాదు. విదేశీ పెట్టుబడి సంస్థ ఒక్కో వ్యాపారరంగంలో, భూమి, భవనాల విలువ కాక, 1,000 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి చూపాలన్నది సాధారణ నియమం. ఇక్కడ రూపాయలంటే ఇండోనేషియా రుపియాలే, అయినా చిన్నమొత్తం కాదు. నాలుగు ఆవులు, అర హెక్టారు పొగాకు అన్న కొలతలో ఆలోచించేవారికి ఆ తలుపు మూసే ఉంది.

దూరపు యజమాని

విదేశీయుల సంగతి అటుంచితే, జకార్తాలో ఉండే ఇండోనేషియా పౌరుడికి కూడా కొండపల్లెలో పొలం కొనడం చట్టప్రకారం సులువు కాదు. వ్యవసాయభూమిని దాని యజమాని స్వయంగా సాగు చేయాలన్నది 1960 చట్టం పదవ అధికరణం సారాంశం. దాన్ని అనుసరించి వచ్చిన 1961 నాటి 224వ నిబంధన ప్రకారం, భూమి ఉన్న కెచమాతాన్‌కు బయట నివసించే యజమాని ఆరు నెలల్లో ఆ భూమిని స్థానికుడికి బదలాయించాలి, లేదా తానే అక్కడికి వచ్చి ఉండాలి. కెచమాతాన్ అంటే మన మండలం వంటిది. పొరుగు కెచమాతాన్‌లో, సాగుకు వీలైన దూరంలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. ప్రభుత్వోద్యోగుల వంటి కొన్ని వర్గాలకూ ఉంది.

ఈ నిబంధన అమలు బలహీనమన్న మాట నిజమే. నివాస గుర్తింపుకార్డు ఒకచోట, మనిషి మరొకచోట ఉండడం అక్కడా సామాన్యమే. అయినప్పటికీ ఈ నిబంధన వెనుక ఉన్న భావనను తేలికగా తీసుకోరాదు. ఇది పొలాన్ని కొనుగోలు వస్తువుగా కాక, కాపురం ఉండే చోటుగా చూస్తుంది. నివసించని పెట్టుబడి చట్టం దృష్టిలోనే అనుమానితం.

కాగితాల విషయంలో కూడా ఊరి ప్రమేయం తప్పదు. లోతట్టు గ్రామాల్లో చాలాకాలం భూమికి ఆధారంగా ఉన్నది యాజమాన్యపత్రం కాదు, గిరిక్ అనే పన్ను కాగితం, గ్రామకార్యాలయపు ‘లెటర్ సి’ పుస్తకంలోని నమోదు. పహాణీలోనో అడంగల్‌లోనో పేరున్నంత మాత్రాన హక్కు స్థిరపడదని తెలుగు రైతుకు తెలిసినట్టే, గిరిక్ అసలు పట్టా కాదని జావా రైతుకు కూడా తెలుసు. సరిహద్దు ఏ చెట్టు దగ్గర మొదలవుతుందో, ఏ అన్నకు ఏ చెక్క పంపకంలో వచ్చిందో చెప్పగలిగేది ఇరుగుపొరుగే. అందుకే సర్వేకు వచ్చే అధికారికంటే గ్రామపెద్ద సాక్ష్యం ముందు అవసరమవుతుంది.

పాలు, పంపకం

భూమి కొనకుండానే గ్రామంలో సొమ్ము పెట్టే మార్గాలున్నాయి. వీటిలో గాదుహాన్ ముఖ్యమైనది. ఒకరు దూడను కొని ఇస్తారు, మరొకరు గడ్డి కోసి మేపి పెంచుతారు. అమ్మినప్పుడు దూడ కొన్న ధరను మినహాయించి లాభాన్ని చెరిసగం పంచుకోవడం ఎక్కువచోట్ల కనిపించే లెక్క. ఆడదూడ అయితే ఈతలను వంతులవారీగా తీసుకుంటారు. తెలుగు పల్లెల్లో పశువును పాలుకిచ్చే పద్ధతికి ఇది చాలా దగ్గర. పశువు చనిపోతే నష్టం ఎవరిదన్న ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు ఉండదు. మేపేవాడి నిర్లక్ష్యమా, రోగమా అన్నది ఊరివాళ్ళు చూసినదాన్నిబట్టి తేలుతుంది. పెట్టుబడిదారు ఊళ్ళో ఉంటే ఆ చర్చలో అతనూ ఒకడవుతాడు. లేకపోతే చేరిన కబురుతో సరిపెట్టుకోవాలి.

పంటలో సగం పంచుకొనే మారో, మూడో వంతు పంచుకొనే మెర్తెలు పద్ధతులు కూడా ఇటువంటివే. 1960 నాటి రెండవ చట్టం పాలుసేద్యపు ఒప్పందాన్ని గ్రామపెద్ద ఎదుట రాయించాలని, మాగాణికి కనీసం మూడేళ్ళు, మెట్టకు ఐదేళ్ళు గడువు ఉండాలని చెప్పింది. ఆచరణలో మాత్రం ఒప్పందం నోటిమాటగానే నడుస్తోంది. రాతకోతలు అడగడం అపనమ్మకాన్ని బయటపెట్టడంగా భావించే సమాజంలో రక్షణచట్టమే అమర్యాదగా తోచడం విచిత్రం. నష్టపోయేది కూడా ఎక్కువగా పాలుకాపే.

ఊరి ఖర్చులు

స్థిరపడినవారి లెక్కల్లో సాధారణంగా కనిపించని పద్దు ఒకటుంది. పెళ్ళికి, సున్తీకి, చావుకు, ఇల్లు కట్టుకున్నవారికి ఇచ్చే సొమ్మునూ బియ్యాన్నీ జావాలో ‘సుంబంగన్’ అంటారు. ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసిపెడతారు. తెలుగువారి చదివింపుల పుస్తకం తెలిసినవారికి వేరే వివరణ అక్కరలేదు. పెళ్ళిళ్ళ నెలల్లో పేదకుటుంబాలు దీనికోసం అప్పు చేయడం కద్దు. అరిసాన్ అనే సామూహిక పొదుపు మన చీటీలను పోలినదే అయినా అందులో పాట ఉండదు. చీటీ తీసి ఎవరి పేరు వస్తే వారికి సొమ్ము ఇస్తారు. ఆత్రపడినవాడు తక్కువకు పాడి నష్టపోయే అవకాశం ఇందులో లేదు. దారి బాగుచేయడం, కాలువ పూడిక తీయడం వంటి గోతొంగ్ రొయొంగ్ పనులకు ఇంటికొకరు రావాలి. రానివారు డబ్బు ఇచ్చి సరిపెట్టవచ్చు గాని, ప్రతిసారీ డబ్బే ఇచ్చేవారిని ఊరు వేరుగా చూస్తుంది.

మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో ప్రచురించిన వ్యవసాయ అంతర్వలన సిద్ధాంత గ్రంథంలో, జావా గ్రామాలు పెరిగే జనాభాకు పనినీ తిండినీ పంచుతూ పేదరికాన్నే పంచుకున్నాయని వాదించారు. ఈ చిత్రం మరీ సామరస్యంగా ఉందని బెంజమిన్ వైట్ తదితరులు విమర్శించారు. ఆ విమర్శకు బలమైన ఆధారం హరితవిప్లవ కాలంలోనే దొరుకుతుంది. పూర్వం కోతకు ఊరివారెవరైనా వచ్చి, చేతిలో ఇమిడే చిన్న కత్తితో వెన్నులు కోసి, ‘బావొన్’ అనే వాటా ధాన్యం తీసుకొనేవారు. తర్వాత రైతులు పైరును నిలువునా వర్తకుడికి అమ్మే ‘తెబాసన్’ విస్తరించింది. వర్తకుడు కొడవళ్ళు పట్టిన కొద్దిమంది కూలీలను తెచ్చుకున్నాడు. ఊరి భూమిలేని స్త్రీలకు కోతహక్కు పోయింది. పొలం యజమాని మారలేదు, బయటివారెవరూ భూమి కొనలేదు. పంట అమ్మే పద్ధతి మారడంతోనే ఊరిలో కొందరి కంచం ఖాళీ అయింది.

తనఖా

భూమి చేతులు మారడానికి పరదేశి రావలసిన పని లేదన్నది జావాకే పరిమితమైన సంగతి కాదు. సులవేసి దీవి కొండల్లో లౌజే ప్రజల మధ్య రెండు దశాబ్దాల పాటు పరిశోధించిన తానియా లీ 2014 నాటి గ్రంథంలో ఇదే చూపారు. ఉమ్మడి భూమిలో కోకో నాటినవారికి అది సొంతమైంది. అప్పుల్లో పడినవారు చుట్టాలకూ పొరుగువారికీ అమ్ముకొని భూమిలేనివారయ్యారు.

జావాలో ఇందుకు వాడుకలో ఉన్న సాధనం గదై, అంటే స్వాధీన తనఖా. ఆసుపత్రి ఖర్చుకో, కొడుకు విదేశీ ఉద్యోగానికి దళారీకి కట్టడానికో రైతు పొలాన్ని అప్పగించి సొమ్ము తీసుకుంటాడు. అప్పు తీరేవరకు పంట ఇచ్చినవాడిదే. 1960 నాటి 56వ చట్టం ఏడవ అధికరణం దీనికి గట్టి హద్దు గీసింది. ఏడేళ్ళు అనుభవించిన పొలాన్ని, ఉన్న పంట కోత అయ్యాక నెలలోపు, పైసా అడగకుండా తిరిగి ఇవ్వాలి. ఏడేళ్ళ లోపైతే గడిచిన కాలాన్నిబట్టి తీర్చవలసిన సొమ్ము తగ్గుతూ వస్తుంది. ఆ పంటలతోనే అప్పు వడ్డీతో సహా తీరిందన్నది చట్టం లెక్క.

హాంకాంగ్, తైవాన్‌లలో ఇంటిపని చేసి తిరిగొచ్చే స్త్రీలు నేడు జావా పల్లెల్లో ముఖ్యమైన పెట్టుబడిదారుల్లో ఉన్నారు. వారి సొమ్ము మొదట ఇటుకల ఇంటికి, ఆ తర్వాత తరచుగా గదై పొలానికి వెళ్తుంది. ఇచ్చినావిడా తీసుకున్నవారూ ఒకే వీధివారు, ఒకే అరిసాన్‌లో ఉన్నవారు. ఏడేళ్ళు గడిచాక చట్టప్రకారం పొలం అడిగితే ఆ వీధిలో మొహం చెల్లదని రైతు వెనుకాడతాడు. అడగకపోతే పొలం పోతుంది.