ఒక్క మిస్‌కి ఎంత కోత?

పాటకు తగ్గట్టు తెర మీద గుర్తులు జారుతుంటాయి. వాటినే నోట్స్ అంటారు. సరైన క్షణంలో నొక్కితే పాయింట్లు వస్తాయి. రిథమ్ గేమ్ అంటే ఇంతే. ఆడేవాళ్లకు వేళ్లతో పని. తయారుచేసేవాళ్లకు అసలు తలనొప్పి స్కోరు దగ్గర మొదలవుతుంది.

పది నోట్స్ ఉన్న చిన్న పాట అనుకుందాం. తప్పకుండా వరుసగా కొడితే అది కాంబో. మొదటిదానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 3... ఒక్కటి తప్పితే మళ్లీ 1 నుంచే. అన్నీ కొడితే 55. ఒకమ్మాయి ఐదోది మాత్రమే మిస్ చేసింది. ఆమెకు 10, 15 కలిపి 25. ఒకబ్బాయి మొదటి ఏడూ కొట్టి చివరి మూడూ వదిలేశాడు. అతనికి 28! మూడు తప్పులు చేసినవాడు లీడర్‌బోర్డులో పైన, ఒక్క తప్పు చేసినమ్మాయి కింద.

ఇది కాగితం లెక్క అనుకోకండి. 2007లో వచ్చిన ‘ఓసు!’ గేమ్ పాత స్కోరింగ్ దాదాపు ఇదే దారి. కాంబో ఎంత పొడవైతే ప్రతి హిట్‌కి అంత విలువ. ఇలాంటి లెక్కలో వెయ్యి నోట్స్ పాట నట్టనడుమ ఒక్కటి జారితే స్కోరు సగమైపోతుంది. అదే ఆఖరిదైతే పోయేది 0.2 శాతమే. అందుకే చాలామంది మధ్యలో మిస్ అవగానే రీస్టార్ట్ కొట్టేస్తారు. పాట రెండో సగం ఎప్పటికీ ప్రాక్టీస్ అవ్వదు.

జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. పదో ప్రశ్న అయినా, చివరిదైనా అంతే. గేమ్‌లో మాత్రం ఈ తేడా ఎందుకు?

కాంబోనే తీసేస్తే? ‘బీట్‌మేనియా టూడీఎక్స్’లో ఈఎక్స్ స్కోర్ అలాంటిదే. కచ్చితంగా కొడితే 2, కాస్త అటూఇటూ అయితే 1. లెక్క శుభ్రం. కానీ కాంబో పెరిగేకొద్దీ చేతులకు పట్టే చెమట ఉంది చూశారూ, స్కోరులో దానికి చోటుండదు. నాకైతే అది కావాలి.

సగం మార్కులు కచ్చితత్వానికి, సగం కాంబోకి ఇద్దామా? వెయ్యి నోట్స్ పాటలో నడుమ ఒక్క మిస్‌కి వందలో ఇంకా 25 పోతాయి. చాలదు. కాంబోకి పైకప్పు వేయాలి. 2005 నాటి ‘గిటార్ హీరో’లో పది నోట్స్‌కి ఒక మెట్టు చొప్పున గుణకం పెరిగి, 4 దగ్గర ఆగిపోతుంది. స్టార్ పవర్ సంగతి పక్కనపెడదాం. మిస్ అయితే మళ్లీ 4కి చేరడానికి ముప్పై నోట్స్ చాలు. ఈ పైకప్పుతో సగం-సగం లెక్క వేస్తే నడుమ మిస్‌కి పోయేది వందలో ఒక మార్కు కూడా ఉండదు. చివర్లో తప్పినవాళ్లకు కొంచెం లాభం అప్పటికీ మిగులుతుంది. కానీ 25 మార్కుల అన్యాయం కాదు.

ఇంకో చిక్కు ఫోన్‌ది. ‘ఓసు!’లో అత్యంత కఠినమైన సెట్టింగ్‌లో ఒకటైన ఓడీ 10లో పూర్తి మార్కులకు 20 మిల్లీసెకన్లు అటూఇటూ మాత్రమే వీలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం అంతకంటే ఎక్కువ ఆలస్యంగా రావడం మామూలే. ఆట మొదట్లోనే ఆ ఆలస్యాన్ని కొలిచి సరిచేసే స్క్రీన్ పెట్టకపోతే పై లెక్కలన్నీ దండగ.

గేమ్ డిజైన్ వైపు వెళ్లాలనుకునే బీటెక్ విద్యార్థులకు ఇది మంచి మినీ ప్రాజెక్ట్. పైథాన్‌లో వెయ్యి నోట్స్ తీసుకుని, మిస్‌లను యాదృచ్ఛికంగా చల్లండి. పదివేల జతల ఆటలు నడపండి. తక్కువ తప్పులు చేసినవాళ్లు కిందపడింది ఎన్నిసార్లో ఒక్కో పద్ధతికి లెక్కగట్టి గ్రాఫ్ గీయండి. ‘నాకు గేమ్స్ ఇష్టం’ అని రెజ్యూమెలో రాసేకన్నా ఆ గ్రాఫ్ మీద ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడొచ్చు. ‘ఓసు!’ కొత్త వెర్షన్ సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. సీ షార్ప్ కాస్త వస్తే స్కోర్ ప్రాసెసర్ ఫైలుతో మొదలుపెట్టండి.