సరిహద్దు దవాఖానలకు డాక్టర్లు వస్తారు, ఎందుకు నిలవరు?

కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక సిరొంచలో మన ఇళ్ల లెక్క మారింది. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ముందు మంచిర్యాల, వరంగల్ పేర్లే నోటికి వస్తాయి. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే ఉంది. మంచిర్యాల అందులో సగం దూరం కూడా లేదు, పైగా అక్కడి డాక్టరు మన మాట మాట్లాడతాడు. అటు వెళ్లేవాళ్లను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ చేతిలో డబ్బు లేనివాళ్లు, అర్ధరాత్రి బండి దొరకనివాళ్లు ఇక్కడి సర్కారు దవాఖాననే నమ్ముకోవాలి. అందుకే ఇక్కడ ఎవరు కొలువు చేస్తున్నారు, ఎన్నాళ్లు చేస్తున్నారు అన్నది మనం పట్టించుకోవాల్సిన సంగతి.

కొరత మన ఒక్కరిదే కాదు. 2030 నాటికి ప్రపంచంలో ఆరోగ్య సిబ్బంది సుమారు కోటి మంది తక్కువ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో గ్రామీణ ప్రాంతాల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరని 2021-22 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. అంటే ఐదుగురు ఉండాల్సిన చోట ఒక్కరు.

మన జిల్లాకు దీని మీద ఇంకో చిక్కు ఉంది. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, ఆదివాసీ ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది నిబంధన. వినడానికి మనకే మేలు చేసినట్టు ఉంటుంది. 2011 జనగణన ప్రకారం గడ్చిరోలిలో చదరపు కిలోమీటరుకు 74 మంది, రాష్ట్రం మొత్తం మీద 365 మంది. ఆ లెక్కన మైదానంలో ఒక కేంద్రం సుమారు 80 చదరపు కిలోమీటర్లు చూసుకుంటే, మన దగ్గర ఒక్కో కేంద్రం 270 చూడాలి. మధ్యలో అడవి, వాగులు, వానాకాలం వేరే లెక్క. తల లెక్కన పోస్టులు సరిపోయినా, దారి లెక్కన చాలవు.

ఇక డాక్టర్లు ఎందుకు నిలవరు? జీతం తక్కువనో, సౌకర్యాలు లేవనో అంటాం. అవీ నిజమే. కానీ అసలు కారణం పని జరిగే తీరులో ఉంది. కాన్పు కష్టమై ఆపరేషన్ చేయాలంటే గైనకాలజిస్టు ఒక్కరు ఉంటే చాలదు. మత్తు డాక్టరు కావాలి, బిడ్డను చూడటానికి పిల్లల డాక్టరు కావాలి, నిల్వ చేసిన రక్తం కావాలి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా కాన్పు కేసును పైకి పంపాల్సిందే. మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నంత కాలం గైనకాలజిస్టు చేసేది చీటీ రాసి పంపడమే. నేర్చుకున్న విద్య చేతికి పని లేక తుప్పు పడుతుంటే ఏ డాక్టరైనా ఎన్నాళ్లు ఉంటాడు? ఒకరు వెళ్తే మిగిలినవాళ్లు ఉండీ లేనట్టే, కాబట్టి వాళ్లూ బదిలీకి అర్జీ పెడతారు. అందుకే ఒక్కో పోస్టు విడివిడిగా నింపితే ఫలితం కనపడదు. బృందాన్ని ఒకేసారి పెట్టాలి.

మహారాష్ట్రలో ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఏడాది సర్కారు సేవ చేస్తామని బాండు రాస్తారు.  ఆ బాండు మీద కుర్ర డాక్టర్లు సరిహద్దు దాకా వస్తారు, వాళ్ల చేత నడిచే కేంద్రాలు తక్కువేమీ కాదు. కానీ ఆ ఏడాది పీజీ ప్రవేశ పరీక్ష చదువులో సగం గడిచిపోతుంది. నాందేడ్ నుంచో, నాసిక్ నుంచో వచ్చిన డాక్టరుకు మన అవ్వ ‘నరాలు గుంజుతున్నయి, పానం నిమ్మలంగ లేదు’ అంటే ఏం అర్థమవుతుంది? పక్కనున్న ఆశా తల్లో, వార్డు శుభ్రం చేసే మనిషో మరాఠీలోకి మార్చి చెప్పాలి. దమ్ము ఒక్కటే నయం, మరాఠీలోనూ దమే. ఊరి మాట చెవికి అలవాటయ్యేలోపు బాండు తీరిపోతుంది. భాష తెలిసిన సిబ్బంది ఉండటం వైద్యంలో భాగమే, మర్యాద కోసం అడిగేది కాదు.

నిలిచేది ఎవరో ఇదే జిల్లాలో ఎప్పుడో తేలింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపే ‘సెర్చ్’ సంస్థ గడ్చిరోలి పల్లెల్లో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పింది. బిడ్డను తూచడం, ఊపిరి అందకపోతే అందించడం, ఒంట్లో విషం చేరితే గుర్తుపట్టి ఇంజెక్షన్ ఇవ్వడం దాకా. 39 ఊళ్లలో చేసిన ఈ పనిలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. 2011లో కేంద్రం అదే పద్ధతిని ఆశాల ద్వారా దేశమంతా తెచ్చింది. ఆ ఆడవాళ్లు బదిలీ మీద వచ్చినవాళ్లు కాదు, ఆ ఊళ్లవాళ్లే.

మరి అలా నిలిచేవాళ్లకు ఇచ్చేది ఎంత? దవాఖానలో కాన్పయిన బిడ్డను 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూస్తే ఆశాకు 250 రూపాయలని లెక్క పెట్టారు. కాగితం మీద ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. మహారాష్ట్ర ఆశాలు రెండు విడతలు సమ్మె చేశాకే 2024 మార్చిలో నెలకు 5,000 రూపాయల పెంపు వచ్చింది.

స్థానికుల నియామకానికి రాష్ట్రంలో దారి ఉంది. సిరొంచ, అహేరి, ఏటపల్లి వంటి తాలూకాలు షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ ఏఎన్ఎం, ఆరోగ్య కార్యకర్త వంటి పోస్టులు స్థానిక ఆదివాసీలకే అని 2014లో గవర్నర్ ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి నూరు శాతం రిజర్వేషన్‌ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక మహారాష్ట్రలోనూ వ్యాజ్యం నడిచింది. మన ఇళ్లలో కొందరు ఈ ఉత్తర్వును చూసి నొచ్చుకుంటారు. మా మాట వేరు. మాడియా, గోండి మాట్లాడే బిడ్డ తన ఊళ్లో నర్సయితే అది ఈ అడవికి కావాల్సిందే. మన పిల్లలకు స్టాఫ్ నర్సు, ల్యాబ్, ఫార్మసీ, డాక్టరు చదువుల దారులు ఉన్నాయి. ఆ దారుల్ని మనమే తెలియక మూసుకుంటున్నాం.

ఎలాగంటే, పది ఇక్కడ పాసవగానే ఇంటర్‌కు పిల్లల్ని మంచిర్యాల, హనుమకొండ, హైదరాబాద్ పంపుతాం. మహారాష్ట్ర మెడికల్ సీట్లలో రాష్ట్ర కోటాకు పది, పన్నెండు రెండూ ఈ రాష్ట్రంలోనే పాసవాలి, డొమిసైల్ కూడా ఉండాలి. డొమిసైల్‌కు 15 ఏళ్ల నివాసం చూపాలి. తరాలుగా ఉన్న మనకు అది కష్టం కాదు. కానీ పన్నెండు అటు చదివితే ఇటు కోటా పోయినట్టే. పోనీ తెలంగాణలో స్థానికత వస్తుందా అంటే, అక్కడ వరుసగా నాలుగేళ్లు చదివి ఉండాలి. ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. రెండేళ్ల ఇంటర్ దానికి సరిపోదు. మార్కులు వచ్చిన బిడ్డ రెండు రాష్ట్రాల మధ్య ఎటూ కాకుండా పోతుంది. కర్ణాటక సరిహద్దులోని మరాఠీ పిల్లలకు మహారాష్ట్ర విడిగా సీట్లు ఉంచింది. మన సరిహద్దుకు అలాంటిది లేదు, అడగాల్సిన కోరిక అది.

మంచిర్యాలలో 2022లో, భూపాలపల్లిలో 2023లో, గడ్చిరోలిలో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. చదువు ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నర్సింగ్ అటు చదివిన ఆడపిల్లలకు ఒక మాట: ఇటు ఉద్యోగం చేయాలంటే తెలంగాణ కౌన్సిల్ నమోదు చాలదు, మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. పది ఫలితాలు వచ్చిన వారంలోనే చాలా ఇళ్లలో హాస్టల్ ఫీజు కట్టేస్తారు. కట్టే ముందు రెండు రాష్ట్రాల ప్రవేశ నిబంధనల పుస్తకం తెచ్చుకుని, స్థానికత పేజీ ఒక్కసారి చదవండి. ఏటా ఏదో ఒకటి మారుతుంది కాబట్టి నిరుటి పుస్తకం పనికిరాదు.