వార్తల్లో పదం: ఎన్‌ఎంటీ

పట్టణ రవాణా వార్తల్లో ఎన్‌ఎంటీ అనే మూడక్షరాలు తరచు కనిపిస్తున్నాయి. విప్పితే నాన్ మోటరైజ్డ్ ట్రాన్స్‌పోర్ట్. ఇంజిన్‌తో పనిలేకుండా మనిషి బలంతో సాగే ప్రయాణం: నడక, సైకిల్, రిక్షా. పేరే కొత్త, పని పాతదే.

రోడ్డు స్థలాన్ని పంచేటప్పుడు వాహనాలను కాక మనుషులను చూడాలన్నది 2006 జాతీయ పట్టణ రవాణా విధానం మాట. ఆచరణలో ఇదంతా కొలతల వ్యవహారం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకుల్లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి. ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డుమీదే నడుస్తారు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, బజ్జీలబండి ఆ 1.8 మీటర్లలోకి రాకూడదు. వాటికి వేరే పట్టీ కేటాయించాలి. బండివాళ్లను తరిమేయమని కాదు దీనర్థం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ అందరికీ తెలిసిందే. అలాంటి ట్రాక్‌పై ఎక్కువగా సాగేది వ్యాయామమే. అయితే ఎన్‌ఎంటీ ప్రణాళికలు ముఖ్యంగా చూసేది వ్యాయామాన్ని కాదు, బడికీ బజారుకూ వెళ్లే రోజువారీ రాకపోకలను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో చాలా పనులు సైకిల్‌కు అందే దూరంలోనే ఉంటాయి. ఫుట్‌పాత్‌ల కోసం పార్కింగ్ తగ్గితే బేరాలు పోతాయన్నది వ్యాపారుల భయం. నడిచేవాళ్లు పెరిగితే బేరాలూ పెరుగుతాయన్నది ప్రణాళికాకర్తల వాదన. ఫుట్‌పాత్ మాత్రం ఇక దయాధర్మం కాదు: అది రాజ్యాంగం 21వ అధికరణం కింద పాదచారుల హక్కని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.