రొట్టెతో తీరెడు ఋణము

మన భాషయందు కోరిక కోరుకొనుటతో ముగియదు. దాని వెంట ‘మొక్కు’ వచ్చును, మొక్కిన పిమ్మట అది ‘తీర్చవలసిన’దియు, ‘చెల్లింపవలసిన’దియు నగును. ఈ రెండు క్రియలును అప్పునకు వాడునవే యని గమనించినచో మన పల్లెల భక్తిలోని లౌకికజ్ఞాన మెంతటిదో బోధపడును. బిడ్డకు జ్వరము తగిలిన రాత్రి పసుపుగుడ్డలో ఒక రూపాయిని మూటగట్టి దేవుని మూల పెట్టెడు తల్లి పూజ చేయుటలేదు, పత్రము వ్రాసి యిచ్చుచున్నది. ఆ ముడుపు తిరుపతి హుండీలో పడువఱకు ఇంట పాలు విఱిగినను, ఎవరికైన కాలు బెణికినను ఆమెకు మొదట గుర్తుకు వచ్చునది ఆ బాకీయే.

తీర్చు విధములు మాత్రము స్థలమును బట్టి మాఱుచుండును. తిరుమలలో తలనీలాలు, ఒంటిమీది నగలన్నియు ఒలిచి హుండీలో వేసెడు నిలువుదోపిడి. వేములవాడ రాజన్నకు కోడెమొక్కు, అనగా కోడెను పట్టుకొని గుడి చుట్టును త్రిప్పి కట్టివేయుట. రెండేండ్ల కొకమాఱు మాఘశుద్ధ పౌర్ణమి వేళ మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరలో భక్తులు తమ యెత్తు బెల్లము తూచి సమర్పింతురు. దానిని అచ్చట బెల్లమనరాదు, ‘బంగారము’ అనవలయును. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీ వద్ద లెక్క మఱింత ఖండితము: కోరునపుడు 11 ప్రదక్షిణములు, తీరినపుడు 108. ఇంతటి వడ్డీ ఏ షావుకారును పుచ్చుకొనడని నేనన్నచో భక్తులు నొచ్చుకొనరని నమ్మెదను.

ఇవన్నియు దేవునికిని మనుష్యునికిని నడుమ జరుగు వ్యవహారములు. నెల్లూరి రొట్టెల పండుగలో మాత్రము బాకీ పుచ్చుకొనువాడు దేవుడు కాడు, తోడిమనుష్యుడు.

మొహరం మాసమున స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా వద్ద ఈ పండుగ జరుగును. బారా యనగా పన్నెండు. యుద్ధమున నేలకొరిగిన పన్నెండుగురు వీరుల సమాధులు అచ్చట కలవని జనుల నమ్మకము. ఆర్కాటు నవాబు భార్య వ్యాధిచే కృశించుచుండగా, ఆ సమాధుల మట్టిని నుదుట పూసినచో కుదురునని ఒక రజక దంపతులకు కలలో తెలిసెననియు, ఆమె కోలుకొనగా నవాబు స్వయముగ దర్శనమునకు వచ్చెననియు, నాడు మిగిలిన రొట్టెలను పంచుకొనుటయే నేటి ఆచారమునకు మొదలనియు కథ చెప్పుదురు. చరిత్రకారుడు దీనికి సాక్ష్యమడుగవచ్చును. చెరువులో దిగిన జనము అడుగరు.

కోరిక కలవాడు తలపై గుడ్డ కప్పుకొని నీటిలో నిలిచి, అట్టి కోరికయే లోగడ తీరినవాని చేతినుండి రొట్టెను పుచ్చుకొని తినును. తనకును ఫలించెనేని మఱుసటి యేడు తానే రొట్టె తెచ్చి అదే కోరికతో వచ్చిన వేఱొకని చేతిలో పెట్టును. కావున ప్రతి రొట్టెకును ఒక పేరు కలదు: చదువు రొట్టె, ఉద్యోగపు రొట్టె, పెండ్లి రొట్టె, ఆరోగ్యపు రొట్టె, సొంతయింటి రొట్టె, ఈ మధ్య విదేశ ప్రయాణమునకును రొట్టె పుట్టినది. గుడిలో మొక్కుకొనువాడు పెదవి కదల్పకయే మొక్కుకొనవచ్చును గాని, ఇచ్చట అట్లు సాగదు. హిందువైనను, మహమ్మదీయుడైనను, మోకాలిబంటి నీటిలో నిలిచి తన లోపమేదో ముక్కు మొగ మెఱుగనివానికి పైకి చెప్పవలసినదే. “అమ్మా, సంతానపు రొట్టె ఉందా?” యని తడబడుచు అడుగు కోడలి వెనుక అత్తగారు నిలిచియుందురు. “ఉంది, రా తల్లీ” యని రొట్టె నందించు ఇల్లాలి చంకలో ఒక్కొక్కసారి ఆ బిడ్డయే యుండును.