అమ్మ మందుల డబ్బాలో దొరికిన మనిషి

మా అమ్మ అమెరికా వస్తోందంటే సూట్‌కేసులో సగం పచ్చళ్లు, సగం మందులు. ఈ ఏప్రిల్లో పిస్కాటవే వచ్చినప్పుడూ అంతే. ఆరు నెలలకు సరిపడా మాత్రలు, వాటి మీద డాక్టరు చీటీ, దానికో రబ్బరు బ్యాండు. అమ్మది కీళ్లవాతం. ఆదివారం రాత్రి భోంచేశాక చిన్న మాత్రలు వేసుకుంటుంది. వాటిని మళ్లీ ఆదివారం దాకా ముట్టుకోకూడదు. సోమవారం ఇంకో మాత్ర. మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్.

ఈ రెంటి వెనుకా ఉన్నది ఒకే మనిషి అనీ, ఆయన మా గోదావరి జిల్లాల వాడే అనీ నాకు నలభై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసే సమయానికి నా పరిస్థితి కూడా ఏమంత బాగాలేదు.

లైబ్రరీలో ఆఫీసు

మే రెండో వారంలో నా ఉద్యోగం పోయింది. పావుగంట వీడియో కాల్, తర్వాత ఒక ఈమెయిల్. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాతి లెక్క చెప్పక్కర్లేదు. 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే, లేదా వేరే వీసాకు మారకపోతే, సామాను సర్దుకోవాలి. ఐ-140 ఆమోదం వచ్చి ఏళ్లయినా గ్రీన్‌కార్డు వరుస కదలదు. ఇంటి మీద అప్పు. తొమ్మిదో తరగతిలో అమ్మాయి.

నా భార్యకు ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మకు మాత్రం చెప్పలేకపోయాను. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మనిషి, ఆ మాట వింటే మర్నాడే టికెట్ మార్చమంటుంది. అందుకని రోజూ ఎనిమిదింటికి లంచ్ బాక్సు, ల్యాప్‌టాప్ బ్యాగు తీసుకుని బయలుదేరేవాణ్ని. వెళ్లేది మా ఊరి పబ్లిక్ లైబ్రరీకి. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా దరఖాస్తులు పంపేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఏ జవాబూ రాక విసిగిపోయి, అమ్మ మందు గురించి చదవడం మొదలుపెట్టాను. దానికో కారణం ఉంది. అంతకుముందు ఏడాది ఇండియాలో అమ్మ పొరపాటున ఆ వారం మాత్రలను వరుసగా మూడు రోజులు వేసుకుంది. నోరంతా పుళ్లు, రక్తకణాలు పడిపోయాయి, వారం ఆసుపత్రిలో ఉంది. ఆ వారం ఇక్కడి నుంచి ఫోన్లో మాట్లాడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అప్పటి నుంచి ఆ మందు పేరు నన్ను వదల్లేదు.

అలా చదువుతూ పోతే దొరికారు యల్లాప్రగడ సుబ్బారావు.

మూడుసార్లు మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తణుకు దగ్గర మా పల్లె నుంచి అది బస్సులో పోయివచ్చే దూరమే. చదువులో చురుకైన పిల్లాడేం కాదు. పదమూడేళ్లప్పుడు, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరితే నిడదవోలులో పట్టుకుని వెనక్కి తెచ్చారట. తండ్రి జగన్నాథం గారు పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. అయినా చదువు మానడానికి తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఈలోగా ఇంట్లో అసలు దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఆ జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఇద్దరు తోబుట్టువులు పోయిన మనిషి కుమిలిపోవచ్చు, దేవుణ్ని తిట్టుకోవచ్చు. సుబ్బారావు ఒక ప్రశ్న పట్టుకున్నారు. ఈ జబ్బుకు మందేమిటి? ఆ ప్రశ్నతోనే 1922 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ దిగారు. దారి ఖర్చులకు మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేశారు.

పాతికేళ్ల తర్వాత జవాబు

మన కథల్లో ఈ తర్వాత ఘట్టం వెంటనే విజయం. ఆయన జీవితంలో అలా జరగలేదు. హార్వర్డ్‌లో సీటు ఉంది గానీ తిండికి డబ్బు లేదు. ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో డాక్టరుగా పని దొరకలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పేరుతోనే ప్రయోగశాలల్లో నిలిచింది. ఆ పనిలోంచే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నారు. మన పిల్లలు హైస్కూలు బయాలజీలో ఏటీపీ గురించి చదువుతారు. దాని వెనుక తెలుగువాడున్నాడని మా అమ్మాయికి నేను చెప్పేదాకా తెలియదు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లే ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీకి మారారు. ఆ తర్వాత అక్కడ పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యారు. అది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, న్యూజెర్సీ సరిహద్దు దాటగానే ఉంది. పిస్కాటవే నుంచి కారులో గంట ప్రయాణం. అక్కడ ఆయన బృందం కాలేయం నుంచి ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టింది. 1945లో ఆ ఫలితం ప్రకటించినప్పుడు పేర్లున్న పదహారు మందిలో కొందరు బౌండ్ బ్రూక్‌లోని కాల్కో ఫ్యాక్టరీ రసాయన శాస్త్రవేత్తలు. బౌండ్ బ్రూక్ అంటే మనకు పక్క ఊరే. శనివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేటప్పుడు ఆ చుట్టుపక్కల నుంచే వెళ్తాం.

ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగుల మీద పనిచేస్తుందని డాక్టర్ టామ్ స్పైస్ చూపించారు. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు దాటాక, ఆ జబ్బుకు మందు దొరికింది.

కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి పనికొస్తే, దాన్ని అడ్డుకునే పదార్థం క్యాన్సర్ కణాలను ఆపుతుందా? ఈ ఆలోచనతో బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లెడర్లేను ఆశ్రయించారు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అది తాత్కాలికమే అయినా, ఆ జబ్బు మందుకు లొంగడం అదే మొదలు. అదే బృందం చేసిన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దాన్ని అమెరికా ప్రభుత్వం 1988లో ఆమోదించింది. మన జిల్లాల్లో బోదకాలుకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన నాయకత్వంలో లెడర్లేలో వచ్చిందే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశారు. ఆయన అమెరికాలో గడిపిన కాలంలో ఎక్కువ భాగం భారతీయులకు ఇక్కడి పౌరసత్వం పొందే హక్కే లేదు. ఆ దారి 1946లో గానీ తెరుచుకోలేదు. ఆయన చివరిదాకా పౌరుడు కాలేదు. ఈ వాక్యం చదువుతూ, లైబ్రరీలో ఒక్కణ్నే, నా 60 రోజుల లెక్క చూసి నవ్వుకున్నాను.

అమ్మ అడిగిన ప్రశ్న

ఆ ఆదివారం రాత్రి అమ్మ మాత్రలు తీస్తుంటే ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది. చివర్లో అడిగింది:

"పెళ్లయిందా ఆయనకి?"

అయింది. భార్య శేషగిరి గారు. ఆయన ఓడెక్కినప్పుడు ఆమె గర్భిణి. మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లారు. పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండా పోయాడు. సుబ్బారావు మళ్లీ ఇండియా వెళ్లలేదు.

అమ్మ మాత్రలు అరచేతిలో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. "ఆయన గొప్పోడే నాన్నా. ఆ పిల్ల ఖర్చు కూడా ఇందులో రాసుకోవాలి మరి" అంది. మాత్రలు వేసుకుని నీళ్లు తాగాక, "నీ ఉద్యోగం పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు.

"ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క మీటింగు ఫోనూ రాదు. రోజూ బాక్సులో పెరుగన్నం మిగిల్చుకొస్తున్నావ్. నేను చదువుకోలేదు గానీ, కళ్లు కనిపిస్తాయిరా."

ఆ రాత్రి మేం నలుగురం వంటగది బల్ల చుట్టూ కూర్చున్నాం. అప్పటికి నా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి టెక్సస్‌లో కాంట్రాక్టు, జీతం మంచిదే, కుటుంబాన్ని ఇక్కడే వదిలి ఒక్కణ్నే వెళ్లాలి. రెండోది న్యూజెర్సీలోనే మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీ. జీతం నాలుగో వంతు తక్కువ. అమ్మ ఆసుపత్రిలో పడ్డ రోజు నుంచి నా మనసంతా అలాంటి పని మీదే. డాక్టర్లు చీటీ రాసే సాఫ్ట్‌వేర్లలో మెథోట్రెక్సేట్ అనగానే "వారానికోసారి" అని దానంతటదే రావాలని, రోజూ అని రాస్తే కంప్యూటరు ఆపి అడగాలని మందుల భద్రత నిపుణులు ఏళ్లుగా చెబుతున్నారు. చిన్న పనే. ప్రాణం నిలబెట్టే పని. కానీ వీసా, ఈఎంఐ, భయం. ఆ మాట ఇంట్లో కూడా ఎప్పుడూ పైకి అనలేదు.

ఆ రాత్రి అన్నాను. నా భార్య లెక్కలు వేసింది. వంటగది రీమోడలింగ్ మానేద్దాం, రెండో కారు అమ్మేద్దాం అంది. వేసవి క్యాంపు అక్కర్లేదంది మా అమ్మాయి. 52వ రోజున ఆ చిన్న కంపెనీ నా పిటిషన్ వేసింది.

పెర్ల్ రివర్ దాకా

అమ్మ తిరిగి వెళ్లే ముందు అందరం పెర్ల్ రివర్ వెళ్లాం. లెడర్లే పేరు ఇప్పుడు లేదు. సైనమిడ్, వైత్, ఫైజర్ అని చేతులు మారాయి. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు పక్కన కారు ఆపి, అద్దంలోంచి ఆ పాత భవనాల వైపు చూశాం. అమ్మ దణ్ణం పెట్టుకుంది. "శేషగిరమ్మకీ పెట్టాను" అంది.

ఉద్యోగం పోవడం నాకు మేలే చేసిందని నేను చెప్పను. ఆ 52 రోజుల్లో ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో నాకే తెలుసు. అదే కాలంలో ఉద్యోగం పోయిన మిత్రులు ఇద్దరు పిల్లల స్కూలు మధ్యలో ఇండియా తిరిగి వెళ్లారు. వాళ్లకు ధైర్యం తక్కువై కాదు, గడువు అయిపోయి. కష్టం తనంతట తాను ఎవరికీ దారి చూపించదు. సుబ్బారావు జీవితం నుంచి నేను తీసుకున్నది ఒక్కటే: తగిలిన దెబ్బను ఒక ప్రశ్నగా మార్చుకుని, జవాబు ఎన్నేళ్లకు వచ్చినా వదలకపోవడం. అమ్మ నుంచి తీసుకున్నది ఇంకొకటి: ఆ ప్రశ్న వెంట వెళ్లేముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అడగడం.

ఇప్పుడు అమ్మ ఊళ్లో ఉంది. ప్రతి ఆదివారం రాత్రి, అక్కడి టైము చూసుకుని ఫోన్ చేస్తాను. "వేసుకున్నావా?" అంటాను. "వేసుకున్నాను. మళ్లీ ఆదివారం దాకా ముట్టుకోను, నీ కంప్యూటరుకి చెప్పు" అంటుంది.