అశ్వారోహణమును దదనంతరకృత్యమును

గుఱ్ఱమునెక్కువానికి నమరకోశమున అశ్వారోహుఁడు, సాది యని రెండు పేళ్ళు కలవు. మొదటిది యెక్కుటను మాత్రమే తెలుపును. రెండవదానికి మూలమైన సదధాతువునకు విశరణము, గతి, అవసాదనము అని వైయాకరణులు మూఁడర్థములు చెప్పిరి. విశరణమనఁగాఁ జెదరుట, గతి యనఁగా నడక, అవసాదనమనఁగా నలసట. ఈ మూఁడును సాదియందుఁ గానవచ్చును. అతఁడు గుఱ్ఱమును నడపును; ఏమఱినచోఁ బడి యవయవములు విఱుగఁగొట్టుకొనును; ఏమఱకున్నను గుఱ్ఱమును నలయించును. కావున అశ్వశిక్ష యెక్కుటతోఁ గాక, యలసట తీర్చుటతో ముగియునని గ్రహింపవలయును.

నేఁడు వేఱువేఱు జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో నిది యొకప్పుడు పుస్తకములకుఁ బరిమితమైన విద్య కాదు. 1866లో గతించిన వనపర్తి సంస్థానాధీశుఁడు మొదటి రాజా రామేశ్వరరావు తన సైన్యమున నాఫ్రికాదేశపు సిద్దీలను జేర్చుకొనెను. పిమ్మట నా బలము నిజాము కొలువునఁ జేరెను. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను దళనామమునకు సంక్షేపము.

గద్వాల కోటను గట్టించిన సోమనాద్రిని గూర్చి యొక యైతిహ్యము కలదు. కర్నూలు నవాబుతోడి పోరున నాతని గుఱ్ఱము శత్రువుల చేతఁ జిక్కెనఁట. దానిని దెచ్చుటకై యొక సేవకుఁడు గడ్డి యమ్మువాని వేషమున లాయము సొచ్చి గడ్డిలో దాఁగెను. గుఱ్ఱమును గట్టుటకై కొట్టిన మేకు అతని చేతిలో దిగెను. కిమ్మనక యోర్చి, రాత్రివేళ నా చేతిని దానే నఱకుకొని, గుఱ్ఱమునెక్కి మరలివచ్చెనని చెప్పుదురు. ఇది చరిత్రయా, కథయా యను విచారమట్లుండనిండు. పరుల లాయమునఁ జీకటిలో గాయపడినవానిని గుఱ్ఱము వీపునెక్కనిచ్చుట పూర్వపరిచయము లేనిదే పొసఁగదు. ఆ పరిచయమే యారోహణమునకు మొదటి మెట్టు.

గుఱ్ఱమునకుఁ గన్నులు ప్రక్కలనుండుటచే నది యించుమించుగాఁ జుట్టును జూడఁగలదు. తోఁక వెనుకనున్నది మాత్రము దానికిఁ గనఁబడదు. కాఁబట్టి వెనుకనుండి పోక, మాటాడుచు నెడమభుజము కడకుఁ బోవలయును. జీను పట్టెడను ఎక్కకముందొకమాఱు, కొన్ని యడుగులు నడపిన పిదప మఱియొకమాఱు బిగింపవలయును. మొదటి బిగింపు నడకతో వదులగును. అంకవన్నెలో, అనఁగా రికాబులో, పాదపు ముందుభాగమునే యుంచవలయును. మడమవఱకుఁ దూర్చినచోఁ బడునప్పుడు కాలు చిక్కుకొని, గుఱ్ఱము రౌతును ఈడ్చుకొనిపోవును. వాగెలను బట్టుకొని వ్రేలాడరాదు. కళ్ళెము నోటిని నొప్పింపఁగా గుఱ్ఱము తలయెత్తి బెదరును. నిలుకడ తొడలయందును నడుమునందును నుండవలయును. శిరస్త్రాణము లేక యెక్కరాదు. బాలురు వల్లించు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను పంచధారలలోఁ బ్లుతము కడపటిది. నేర్చువానికిని నది కడపటిదే కావలయును.

దిగిన పిదప పట్టెడ వదులుచేసి, యూపిరి కుదుటఁబడి చెమట యాఱువఱకు గుఱ్ఱమును మెల్లఁగా నడపింపవలయును. నీరు కొంచెముకొంచెముగా నీయవచ్చును. ఉలవలు మాత్రమప్పుడే పెట్టరాదు. గుఱ్ఱపు జీర్ణాశయము దేహమును బట్టి చూడఁగాఁ జిన్నది; అది వాంతి చేసికొనలేదు. అలసటతో దానా తినినచో శూల పుట్టి ప్రాణము మీఁదికి రావచ్చును. ముందు గడ్డి, గంటసేపైన పిమ్మట ఉడికిన యులవలు పెట్టుట మేలు. జీను రాపిడిచేఁ బుండ్లు పడినవేమో వీపు తడవి చూడవలయును. డెక్కలలోని ఱాళ్ళను మడమ వైపునుండి కొనవైపునకుఁ దీయవలయును. లాడములను ఆఱు మొదలెనిమిది వారములకొకమాఱు తీయించి, పెరిగిన గిట్టను జెక్కింపవలయును.

ఈ పోషణమును బూర్వులు దయగా నెంచి వదలిపెట్టలేదు. కౌటిల్యుఁ డశ్వాధ్యక్షప్రకరణమునఁ జికిత్సలోని యుపేక్షచే రోగము ముదిరినచో వ్యయమునకు రెండింతలును, గుఱ్ఱము చచ్చినచో దాని వెలయును దండముగా విధించెను.

1949లో జాగీర్ల రద్దుతో సంస్థానములు ముగిసెను; లాయములు శూన్యములయ్యెను. మందుర, కవిక, సాది యను శబ్దములు మాత్రము పాఠశాలలలో నిలిచినవి. సాదిశబ్దమును జెప్పునపుడు గతితోఁ బాటవసాదనమును గూడ బోధించినచో, ఎప్పుడో యొక శిష్యుఁడు గుఱ్ఱమునెక్కి దిగినప్పుడు, తాను గూర్చుండుటకు ముందు దాని పట్టెడ వదులుచేయును.