పచ్చగన్నేరు

ఖమ్మం జిల్లాలో డోర్నకల్ నుండి కొత్తగూడెం వైపు సాగే రైలుమార్గంలో, అడవి అంచున ఉన్న ఊరు కారేపల్లి. అడవిని ఆశ్రయించి జీవించేవారికి విషముష్టి గింజను నోట పెట్టరాదన్న సంగతి పెద్దల మాటగా తెలుస్తుంది. కాని ముంగిట పూచే చెట్టును ఎవరూ శంకించరు. అటువంటి చెట్లలో పచ్చగన్నేరు ఒకటి.

దీని జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. సన్నని నిగనిగలాడే ఆకులు, గరాటు వంటి పసుపు పూలు దీనికి అందం. ఇది నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. పశువులు సాధారణంగా దీనిని మేయవు. అందుచేత తోటలలోను, దేవాలయ ప్రాంగణాలలోను, కంచెల వెంటను విరివిగా పెంచుతారు. పూలను శివపూజకు వినియోగిస్తారు.

పశువులు మేయని చెట్టని మెచ్చుకునేవారు అందుకు గల కారణాన్ని కూడ గ్రహించాలి. ఆకు తుంచగానే కారే పాలు మొదలుకొని ఈ చెట్టులో ప్రతి భాగమూ విషపూరితమే. నున్నని కాయలు పిల్లలను ఆకర్షిస్తాయి. ఆ కాయలలోని గింజలలోనే విషం అధికం. గన్నేరు పప్పు పేరు వింటే పెద్దలు భయపడటం అందుకే. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం నశించదు.

గుండె కణాలు నిరంతరం సోడియంను వెలుపలికి పంపి, పొటాషియంను లోనికి గ్రహిస్తాయి. గింజలలోని థెవెటిన్ వంటి పదార్థాలు ఈ క్రియను అడ్డగిస్తాయి. తత్ఫలితంగా వాంతులు, కడుపునొప్పి, తలతిరుగుడు కలుగుతాయి. గుండె లయ తప్పి ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

ఇటువంటి గుణమే గల డిజిటాలిస్ మొక్క వైద్యోపయోగాన్ని గురించి ఆంగ్ల వైద్యుడు విలియం వితరింగ్ 1785లో గ్రంథం ప్రకటించాడు. ఆ జాతి మొక్కల నుండి లభించే డిజాక్సిన్ నేటికీ హృద్రోగులకు ఔషధం. ఔషధానికీ విషానికీ భేదం మోతాదులో ఉన్నది. దానిని నిర్ణయించవలసినవాడు వైద్యుడే.

ఎవరైనా పొరపాటున గింజ నమిలితే నాటువైద్యంతో కాలయాపన చేయరాదు. బలవంతంగా వాంతి చేయించరాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఆ కాయను వెంట తీసుకొని వెళితే వైద్యునికి విషం గుర్తించడం సులభమవుతుంది. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడవచ్చు కనుక బాగానే ఉన్నట్లు కనిపించినా పరీక్ష తప్పనిసరి.

ఇందుకోసం చెట్లన్నింటినీ నరకనవసరం లేదు. పసిపిల్లలు ఆడుకునే చోట నాటకుండటం, రాలిన కాయలను ఏరివేయడం చాలు. విషముష్టిని గురించి పెద్దలు చెప్పినట్లే, పచ్చగన్నేరును గురించి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పవలసిన బాధ్యత చదువుకున్న యువతరానిది.